రెండు అడ్రసులు ఒకటేనని కెర్నెల్ ఎలా తేల్చుకుంటుంది?

ప్రశ్న: లినక్స్ కెర్నెల్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (వేరే కంప్యూటర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే పద్ధతి) క్లయింట్ కోడు చదువుతున్నాను. రెండు సర్వర్ అడ్రసులను పోల్చడానికి అందులో ప్రత్యేకంగా ఫంక్షన్లు రాశారు. అడ్రసులను ఉంచే రెండు స్ట్రక్చర్లనూ మెమ్‌కంప్ ఫంక్షన్‌తో బైటు బైటుగా పోల్చితే చాలదా?

– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలదండీ. ఐపీవీ4 అడ్రసు స్ట్రక్చర్ 16 బైట్లు, ఐపీవీ6 స్ట్రక్చర్ 28 బైట్లు. ఏది వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి కెర్నెల్ దేన్నయినా పట్టగల 128 బైట్ల సాక్అడ్రస్ స్టోరేజ్‌లో దాన్ని ఉంచుతుంది. ఐపీవీ4 వచ్చినప్పుడు ఆ 16 బైట్లలో కూడా చివరి 8 ఉత్త ఖాళీ. అక్కడ పాత చెత్త మిగిలి ఉంటే, నిజానికి ఒకటే అయిన రెండు అడ్రసులు మెమ్‌కంప్‌కు వేరువేరుగా కనిపిస్తాయి. అప్పుడు ఉన్న కనెక్షన్‌ను పంచుకోవలసిన క్లయింట్ అదే సర్వర్‌కు అనవసరంగా మరొకటి తెరుస్తుంది. అందుకే ముందు ఫ్యామిలీని, అంటే అది ఐపీవీ4 అడ్రసా ఐపీవీ6 అడ్రసా అన్నది చూసి, ఆ తర్వాత ఆ ఫ్యామిలీకి అర్థమున్న ఫీల్డులను మాత్రమే పోల్చాలి.

దీనికి ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదకరం. ఐపీవీ6లో ఎఫ్‌ఈ80తో మొదలయ్యే లింక్-లోకల్ అడ్రసు ఒక్క లింకు వరకే చెల్లుతుంది. 4-12 అనే ఇంటి నంబరు రెండు ఊళ్లలోనూ ఉండవచ్చు కదా, అలాగే రెండు నెట్‌వర్క్ కార్డుల అవతల ఒకే అడ్రసుతో రెండు వేర్వేరు సర్వర్లు ఉండవచ్చు. అందువల్ల 128 బిట్ల అడ్రసు అచ్చంగా కలిసినా, అది లింక్-లోకల్ అయితే కెర్నెల్ స్కోప్ ఐడీని, అంటే ఆ అడ్రసు ఏ లింకుదో చెప్పే సంఖ్యను కూడా పోల్చి చూస్తుంది. మౌంట్ చేసేటప్పుడు, అంటే సర్వర్ ఫైళ్లను మన యంత్రానికి తగిలించేటప్పుడు, అడ్రసులో శాతం గుర్తు తర్వాత మనం రాసే ఈటీహెచ్0 వంటి నెట్‌వర్క్ కార్డు పేరే లోపల ఈ ఐడీగా మారుతుంది. ఈ చిన్న తనిఖీని వదిలేసిన కోడు ఒక సర్వర్‌కు చేరవలసిన డేటాను మరొక సర్వర్‌కు పంపగలదు. నిల్వకు సంబంధించిన కోడులో అంతకంటే పెద్ద తప్పు నాకు తోచదు.

పోర్టు విషయంలోనూ జాగ్రత్త అవసరం. స్ట్రక్చర్‌లో అది నెట్‌వర్క్ బైట్ క్రమంలో, అంటే పెద్ద విలువ గల బైటు ముందుగా ఉంటుంది; ఎక్స్86 ప్రాసెసర్లలో ఈ క్రమం తిరగబడి ఉంటుంది. అలాంటి యంత్రం మీద ఎన్‌ఎఫ్‌ఎస్ పోర్టు 2049ను మార్చకుండా నేరుగా అందులో పెడితే కనెక్షన్ 264వ పోర్టుకు వెళుతుంది. మీరు కోడు మార్చి చూడదలిస్తే స్పార్స్ అనే తనిఖీ సాధనాన్ని తప్పక నడపండి. ఇలాంటి కలగాపులగాన్ని అది హెచ్చరికగా చూపిస్తుంది.