జర్మనీలో ఇల్లు కొన్నారు సరే, వంటగది సంగతేంటి?

ఇక్కడ ఇల్లు కొన్న మన వాళ్ళు తాళాలు చేతికొచ్చాక అడిగే మొదటి మాట ఇదే: "అక్కా, వంటగదిలో ఏమీ లేదేంటి?" ఏమీ ఉండదండీ. గోడలోంచి నీళ్ళ కనెక్షన్లు, ఒక డ్రైనేజీ గొట్టం, పొయ్యి కోసం విడిగా ఒక కరెంటు పాయింటు, అంతే. అద్దె ఇళ్ళు కూడా చాలావరకు ఇలాగే ఇస్తారు, ఖాళీ చేసేవాళ్ళు అల్మరాలు కూడా ఊడదీసుకుని పట్టుకుపోతారు. బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ కొన్నా ఇదే కథ. కాబట్టి ఇంటి లెక్క వేసుకున్న రోజే వంటగదికి విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి. చాలా బ్యాంకులు దీన్ని ఇంటి లోనులో కలపవు, మీ బ్యాంకు ఏమంటుందో ముందే అడగండి. మెషీన్లతో కలిపి 10 వేల యూరోలు దాటడం మామూలే. మధ్యలో ఐలాండ్ (గోడకి ఆనకుండా విడిగా నిలిచే బల్ల), పైన రాతి పలక అన్నారంటే 20 వేలు కూడా దాటుతుంది.

పాత ఇల్లు కొంటుంటే మాత్రం ఒక మంచి వెసులుబాటు ఉంది. అమ్మేవాళ్ళు వంటగది వదిలేసి వెళ్తుంటే దాని ధరని కొనుగోలు ఒప్పందంలో విడిగా రాయించండి. రిజిస్ట్రేషన్ అప్పుడు కట్టే పన్ను ఇంటికీ స్థలానికే గానీ సామానుకి కాదు. 12 వేల యూరోల వంటగది అనుకోండి, హెస్సెన్ రాష్ట్రంలో ఈ పన్ను 6 శాతం కాబట్టి 720 యూరోలు మిగులుతాయి, బవేరియాలో 3.5 శాతమే కాబట్టి 420. ధర మాత్రం నమ్మేలా ఉండాలి, పదిహేనేళ్ళ నాటి అల్మరాలకి 30 వేలు అని రాస్తే పన్ను ఆఫీసు ఊరుకోదు. నోటరీ దగ్గరికి వెళ్ళేలోపే ఈ మాట తేల్చుకోవాలి, తర్వాత చేయగలిగిందేమీ ఉండదు.

ఇక కొత్తది కొనడం. చాలామంది నేరుగా కిచెన్ స్టూడియోకి వెళ్ళి, అక్కడ మెరిసేది చూసి మనసు పారేసుకుని వస్తారు. నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, షాపుకి వెళ్ళేముందు ఇంట్లో మీరు వారం రోజులు ఏం వండుతారో ఒక కాగితం మీద రాయండి. షోరూములో పెట్టే వంటగది రాత్రిపూట రొట్టె, చీజ్‌తో సరిపెట్టుకునే కుటుంబానికి తగ్గట్టు ఉంటుంది. మనకి రోజూ పోపు, వారానికి రెండుసార్లు వేపుడు, ఆదివారం చేపల పులుసో కోడి కూరో, ఇడ్లీ పిండి రుబ్బుడు, పండగొస్తే బూరెలూ గారెలూ. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని మాట్లాడితే సేల్స్ మనిషి కూడా వేరే రకంగా ప్లాన్ గీస్తాడు.

అన్నిటికన్నా ముందు పొగ గురించి ఆలోచించండి. చిమ్నీలు రెండు రకాలు. గాలిని గోడలోంచి బయటికి పంపేది అబ్‌లుఫ్ట్. బొగ్గు ఫిల్టరులో వడకట్టి మళ్ళీ గదిలోకే వదిలేది ఉమ్‌లుఫ్ట్. మన వంటకి మొదటిదే కావాలి, అందులో నాకు అనుమానం లేదు. ఉమ్‌లుఫ్ట్ వాసన తగ్గిస్తుంది గానీ ఆవిరి మొత్తం ఇంట్లోనే ఉండిపోతుంది, ఫిల్టరు కూడా మార్చుకుంటూ ఉండాలి. అయితే ఫ్లాటులో బయటి గోడ మీ ఒక్కరిది కాదు, ఓనర్లందరి ఉమ్మడి ఆస్తి. దానికి కన్నం పెట్టాలంటే ఓనర్ల మీటింగులో తీర్మానం కావాలి. సొంత ఇల్లయినా హాల్లో కట్టెల పొయ్యి ఉంటే, కిటికీ తెరిస్తే తప్ప చిమ్నీ పనిచేయకుండా ఒక స్విచ్ పెట్టించాలి, లేకపోతే ఆ పొయ్యి పొగ ఇంట్లోకి లాక్కొస్తుంది. ప్రాణాల మీదికొచ్చే విషయం కాబట్టి మీ ప్రాంతంలో పొయ్యిల పొగగొట్టాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుతో ముందే మాట్లాడండి. గాలి ఎటూ పోకుండా బిగుతుగా కట్టే కొత్తరకం ఇళ్ళల్లో ఉమ్‌లుఫ్ట్ తప్ప దారి ఉండకపోవచ్చు, అది బిల్డరుని అడిగి తెలుసుకోవాలి.

దీంతోపాటే హాలుతో కలిసిపోయిన ఓపెన్ కిచెన్ సంగతి కూడా తేల్చుకోండి. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ చిన్న లెక్క చూడండి. తలుపున్న 12 చదరపు మీటర్ల వంటగది, ఎత్తు 2.5 మీటర్లు, అంటే 30 ఘనపు మీటర్ల గాలి. గంటకి పదిసార్లు ఆ గాలి మారాలంటే 300 ఘనపు మీటర్లు లాగే చిమ్నీ చాలు. అదే హాలుతో కలిపి 40 చదరపు మీటర్లయితే 1,000 కావాలి, అంత గట్టిగా లాగేది పెడితే ఆ చప్పుడులో మాట వినపడదు. చలికాలం కిటికీలు మూసుకుని ఎండుమిర్చి పోపు వేస్తే సోఫా, కర్టెన్లు, పొద్దున పిల్లలు స్కూలుకి వేసుకెళ్ళే జాకెట్లు అన్నీ అదే వాసన. కడుతున్న ఇల్లయితే మధ్యలో ఒక గోడ, జరిపే గాజు తలుపు పెట్టమని ముందే అడగండి, ఆ దశలో పెద్ద ఖర్చు కాదు.

ఈమధ్య అందరూ పొయ్యి మధ్యలోంచి కిందికి గాలి లాగే రకం అడుగుతున్నారు. పొట్టి గిన్నెలకీ పెనాలకీ బాగానే పనిచేస్తుంది. ఎత్తు గిన్నెలో పప్పుచారు మరుగుతుంటే మాత్రం ఆవిరి పైకి పోతుంది, కింద లాగే గాలి దాన్ని అందుకోలేదు. మీ ఇంట్లో ఎత్తు గిన్నెలూ కుక్కర్లూ ఎక్కువయితే తలపైన ఉండే చిమ్నీయే తీసుకోండి, పొయ్యి కంటే కాస్త వెడల్పుది.

పొయ్యి దాదాపు అందరూ ఇండక్షనే పెట్టుకుంటారు, చాలా ఇళ్ళల్లో గ్యాస్ లైనే ఉండదు. ఆర్డరు ఇచ్చేలోపు ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని మీ గిన్నెలన్నిటి అడుగునా పెట్టి చూడండి. అతుక్కుంటే పనిచేస్తుంది. అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె, మట్టి దాక, రాతి చిప్ప, ఇవేవీ వేడెక్కవు. ఇనప పెనం వేడెక్కుతుంది, పోత ఇనుముదైతే దోశెలకి బ్రహ్మాండం, కాకపోతే పెనం పెద్దదై కింది వలయం చిన్నదైతే మధ్యలో మాడి అంచుల్లో పచ్చిగా ఉంటుంది. అందుకే రెండు వలయాలు కలిసి పనిచేసే మోడల్ అడగండి. గుండ్రటి అడుగు మూకుడు పనికిరాదు, సాపు అడుగుది కొనుక్కోవాలి. వంకాయ కాల్చి పచ్చడి చేయాలంటే మంట ఉండదు కదా అని బెంగపడకండి, ఓవెన్లో పై గ్రిల్ వేసి మధ్యలో ఒకసారి తిప్పితే తొక్క నల్లగా కాలి ఊడొస్తుంది. ఓవెన్ మనం వాడేది ఇలాంటివాటికీ పిల్లల కేకులకీ కాబట్టి దాని మీద మరీ ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బు చిమ్నీకీ సొరుగులకీ పెట్టండి.

సొరుగులు అన్నాను కదా, కింది అల్మరాలకి తలుపులు వద్దు, లోతైన సొరుగులే కావాలని పట్టుబట్టండి. తలుపున్న అల్మరాలో వెనకపడిన కందిపప్పు డబ్బా మళ్ళీ కనపడదు. సొరుగు లాగితే అన్నీ పైనుంచి కనిపిస్తాయి. ఎంత బరువు ఆపుతుందో అడగండి, 40 కిలోలవి ఉంటాయి, 70 కిలోలవీ ఉంటాయి. బియ్యం, పిండి, నూనె డబ్బాలు పెట్టేదానికి బరువైనదే తీసుకోండి. గ్రైండరు ఇండియా నుంచి తెచ్చుకోవచ్చు, అక్కడా ఇక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే, ప్లగ్గు ఒక్కటే మార్చాలి. అమెరికా వాళ్ళకి లేని సుఖం ఇది. కాకపోతే టేబుల్ మీద పెట్టేదైనా పది కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ప్రతిసారీ ఎత్తి దించితే నడుం పట్టేస్తుంది. ప్లాన్‌లోనే దానికి బల్ల మీద ఒక మూల, వెనక ఒక సాకెట్ రాయించండి. మిక్సీ, గ్రైండర్, రైస్ కుక్కర్, కెటిల్ అని లెక్కేస్తే బల్ల మీద కనీసం ఆరు సాకెట్లు కావాలి. ఐలాండ్‌లో సాకెట్ కావాలంటే నేల పోయకముందే వైరు వేయాలి.

బల్ల పలక విషయంలో పసుపుని గుర్తుపెట్టుకోండి. తెల్లటి పలక మీద పసుపు నీళ్ళు కాసేపు ఉంటే మరక వదలడం కష్టం. లామినేట్ చవక, కానీ సింకు దగ్గరా డిష్‌వాషర్ పైనా అతుకుల్లోకి నీళ్ళు దిగితే ఉబ్బుతుంది. నాకు తెలిసిన ఒకళ్ళింట్లో డిష్‌వాషర్ తలుపు వేడివేడిగా తీస్తూ తీస్తూ ఉంటే పైన పలక అంచు వేలికి తగిలేంత ఉబ్బి, కింద పొర పొట్టులా రాలడం మొదలెట్టింది. క్వార్ట్జ్ అందంగా ఉంటుంది గానీ అందులో జిగురు ఉంటుంది, పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడుతుంది. మన వాడకానికి ముదురు రంగు గ్రానైటే నా ఓటు. సింకు ఒకటే పెద్ద తొట్టి, స్టీలుది, కుక్కరూ మూకుడూ పడుకోబెట్టి తోమేంత.

ఎత్తు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇక్కడి బల్లలు 90 సెంటీమీటర్ల పైమాటే, ఐదడుగుల మనిషికి చపాతీ ఒత్తుతుంటే భుజాలు పట్టేస్తాయి. నిలబడి మోచెయ్యి మడవండి, మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్ల కింద బల్ల ఉండాలి. కింది పీట ఎత్తు మార్చి కుదురుస్తారు, అడగాలి అంతే. ఇంట్లో ఎక్కువ వండేది ఎవరో వాళ్ళ కొలతే తీసుకోండి.

వాస్తు చూసుకునేవాళ్ళకి ఒక మాట. పొయ్యి ఆగ్నేయానికి జరపడం తేలిక, కరెంటు వైరే కదా. సింకు జరపడం కష్టం, డ్రైనేజీకి వాలు కావాలి. ఏది కావాలన్నా గోడలు ప్లాస్టరింగ్ కాకముందే బిల్డరుకి రాసివ్వండి.

ఇప్పుడు బేరం. ముందు ఐకియా ప్లానర్‌లో మీరే ఇంట్లో కూర్చుని ఒక ప్లాన్ గీసుకోండి, అక్కడ కొనకపోయినా దేనికెంతో ఒక అంచనా వస్తుంది. తర్వాత కనీసం రెండు మూడు షాపులు తిరగండి. ఒక పెద్ద షాపులో మాకు తెలిసినవాళ్ళకి జరిగింది చెప్తాను. మూడు గంటలు కూర్చోబెట్టి, స్క్రీన్ మీద 24 వేలు చూపించి, కొట్టేసి 14 వేలు అని, మేనేజరుని పిలిచి ఇంకో వెయ్యి తగ్గించి, "ఈ ధర ఈ సాయంత్రం వరకే" అన్నారు. ఆ మొదటి ధర ఎవరూ కట్టేది కాదు, దాన్నసలు పట్టించుకోకండి. అంతకన్నా ముఖ్యం, షాపులో కూర్చుని పెట్టిన సంతకానికి 14 రోజుల్లో వెనక్కి తీసుకునే హక్కు లేదు. ఆ హక్కు ఆన్‌లైన్ కొనుగోళ్ళలాంటివాటికే ఉంటుంది, అందులోనూ మీ కొలతకి చేసిన సామానుకి వర్తించదు. మనసు మార్చుకుంటే నష్టపరిహారం కట్టమంటారు. కాబట్టి మొదటిరోజు సంతకం వద్దే వద్దు, ఎంత మంచి ధరైనా. రెండోసారి వెళ్తే చాలాసార్లు ఆ ధర మళ్ళీ దొరుకుతుంది.

ఒప్పందంలో ప్రతి మెషీన్ మోడల్ నంబరూ ఉండాలి, "బాష్ ఓవెన్" అని రాస్తే చాలదు. బాష్, సీమెన్స్, నెఫ్ మూడూ ఒకే గ్రూపువి కాబట్టి పేరు చూసి ఎక్కువ కట్టకండి, ఏం పనులు చేస్తుందో చూడండి. కొన్ని మోడళ్ళు కిచెన్ షాపులకే ఇస్తారు, నెట్‌లో అదే నంబరు దొరక్కపోతే దగ్గరి మోడల్‌తో పోల్చుకోండి. బిగించడం, నీళ్ళూ కరెంటూ కలపడం, పై అంతస్తుకి మోయడం ధరలో ఉన్నాయో లేదో రాయించండి. కొలత వాళ్ళే ఇంటికొచ్చి తీసుకోవాలి, దాన్ని ఆఫ్‌మాస్ అంటారు. మీరు కొలతలిస్తే తేడా వచ్చినప్పుడు తప్పు మీదవుతుంది. ఆర్డరు నుంచి రావడానికి రెండు మూడు నెలలు అనుకోండి, అద్దె ఇంటి నోటీసు దాన్నిబట్టి ఇవ్వండి.

అడ్వాన్సు ఎంత తక్కువైతే అంత మంచిది. మొత్తం ముందే కడితే ఇంకా తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. ఆ షాపు దివాలా తీస్తే కట్టిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. చివరి వాయిదా బిగింపు పూర్తయ్యాకే అని రాయించుకోండి. బిగించిన రోజు ప్రతి సొరుగూ లాగి, ప్రతి తలుపూ తీసి, సింకు నింపి ఒకేసారి వదిలి కింద తడి చూడండి. ఏ లోపమున్నా వాళ్ళ కాగితంలో రాసాకే సంతకం పెట్టండి. తర్వాత రెండేళ్ళ వరకు చట్టప్రకారం బాధ్యత షాపుదే.

పాత ఇంట్లో వంటగది మార్చుకున్నవాళ్ళు బిల్లులో బిగింపు కూలిని విడిగా రాయించండి. మీరుండే ఇల్లయితే ఆ కూలిలో 20 శాతం, ఏడాదికి 1,200 యూరోల వరకు, ఆదాయపు పన్నులో నేరుగా తగ్గుతుంది. సామాను ధరకి ఇది రాదు, కొత్తగా కట్టిన ఇంటికీ రాదు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి, చేతికి ఇస్తే ఒప్పుకోరు.