చెప్పులు ఎవరివో తేల్చే ముందు

హైదరాబాద్

చిరంజీవికి,

స్టిల్ లైఫ్ చిత్రాల్లో, అంటే కదలని వస్తువులను గీసే బొమ్మల్లో, స్త్రీల పాదరక్షల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే అవి స్త్రీ స్వేచ్ఛకు ప్రతీక అని తేల్చేశావు. అంత తొందరెందుకమ్మా? ఆ చెప్పుల రంగేమిటో, ఎక్కడ అరిగాయో నాకింకా తెలియనే లేదు.

ఈ తొందర పెద్దవాళ్లకూ తప్పలేదులే. 1886లో వాన్ గో పారిస్‌లో ఒక జత పాత బూట్లు గీశాడు. హైడెగర్ అంతటి తత్వవేత్త అవి రైతు స్త్రీవనుకుని, ఆమె పొలాన్నీ చాకిరీనీ వాటిలో చూశాడు. ఎంతో అందంగానూ రాశాడు. అవి పట్నంలో ఉంటున్న చిత్రకారుడి సొంత బూట్లేనని 1968లో కళా చరిత్రకారుడు మేయర్ షపీరో వాదించాడు. ఎవరి మాట నిజమైనా, ఆడమనిషివని చెప్పే ఆనవాలు ఆ బూట్లలో నాకొక్కటీ కనబడలేదు.

డచ్చి చిత్రకారుడు హూగ్‌స్ట్రాటెన్ గీసిన చెప్పుల చిత్రం అలా కాదు. పదిహేడో శతాబ్దపు డచ్చి ఇల్లు. ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మనుషులు లేరు. తాళాల గుత్తి తలుపుకే వేలాడుతోంది, చీపురు గోడకు ఆనించి ఉంది, గడప దగ్గర స్త్రీల చెప్పుల జత. పెత్తనాన్నీ పనినీ ఒక్కసారే వదిలి ఈ ఇల్లాలు ఎటు వెళ్లిందన్న అనుమానం మనకు ఆ తాళాలూ చీపురూ చూశాకే పుడుతుంది. పండితులు దాన్ని స్టిల్ లైఫ్ అనరు, ఇంటి లోపలి దృశ్యమంటారు. అననీ.

అంతదూరం దేనికి, మీ అపార్ట్‌మెంటు గుమ్మాలే చూడు. చార్మినార్ దగ్గర కొన్న జరీ జూతీలు, ఒక్క పెళ్లికి తొడిగినవి, స్టాండులో పై అరలో ఉంటాయి. పనిమనిషి హవాయి చెప్పులు విడిగా, మెట్ల మూలన. మడమ కింద రబ్బరు పలచబడిపోయి ఉంటుంది, ఊడిపోయే పట్టీని అడుగున పిన్నీసు ఆపుతుంటుంది. ఆమెను అక్కడ విడవమని బహుశా ఎవరూ నోరు తెరిచి చెప్పి ఉండరు. పెద్దకులాల వీధిలో దళితులు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడవాల్సిన ఊళ్లు మనకుండేవి. పాదరక్షల సామాజిక అర్థమని శీర్షిక పెట్టి, నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. వ్యాసంలో అసలు లోటు అదే.

తిరగరాసేటప్పుడు ఫ్రాగొనార్ గీసిన చిత్రంలో ఊయల మీది నుంచి ఎగిరిన చెప్పు గురించిన నీ రెండు వాక్యాలూ కదపకు. అక్కడ నువ్వు నిజంగా చూసి రాశావు. ముగింపు పేరా మాత్రం కొట్టెయ్. కొత్త ప్రతితో ఆదివారం ఇంటికి రా.

ఆశీస్సులతో,
మీ పిన్ని