కలర్‌బార్ లేబుళ్ల మీద పెట్టే టైమ్ వృథానా?

ప్రశ్న: విశాఖలో ఎమ్మెస్సీ మెటియరాలజీ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం వర్షపాతం మ్యాపులు గీస్తుంటే సగం టైమ్ మాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో గ్రాఫులు, మ్యాపులు గీసే లైబ్రరీ) కలర్‌బార్ లేబుళ్లకే, అంటే ఏ రంగు ఎంత వర్షమో చెప్పే పట్టీ మీది అంకెలకే పోతోంది. ఇవి వదిలేసి మెషీన్ లెర్నింగ్ కోర్సులో చేరమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కోర్సు ఎక్కడికీ పోదు, ముందు ఆ మ్యాపు సరిగ్గా పూర్తి చేయండి. కలర్‌బార్ మీద 0, 50, 100, 150 అని సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసిన అంకెలుంటే అది ఎవరైనా గీసే మ్యాపు. అక్కడే 64.5, 115.6, 204.5 మిల్లీమీటర్లు అని ఉందనుకోండి, 24 గంటల వర్షాన్ని వాతావరణ శాఖ భారీ, అతి భారీ, అత్యంత భారీ అని ఎక్కడ విడగొడుతుందో మీకు తెలుసని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. మీ సబ్జెక్టు కనబడేది ఆ అంకెల్లోనే.

మాట్‌ప్లాట్‌లిబ్‌లోని బౌండరీనార్మ్‌కి ఆ హద్దులిస్తే రంగులు సరిగ్గా అక్కడే మారతాయి. పట్టీ మీద టిక్కులు, అంటే గుర్తు గీతలు పెట్టే సెట్_టిక్స్‌కీ అవే ఇవ్వండి, సెట్_లేబుల్‌లో యూనిట్ రాయండి, 204.5 పైన ఎంతైనా పడొచ్చు కాబట్టి ఎక్స్‌టెండ్‌కి మ్యాక్స్ పెడితే పట్టీ చివర బాణం మొన వస్తుంది. ఆ టిక్కుల పక్కన అంకెలు రాసే సెట్_టిక్‌లేబుల్స్ ఒక్కటే వాడి టిక్కులు ఎక్కడుండాలో చెప్పకుండా మాత్రం వదలకండి. రేపు డేటా మారి స్కేలు 200 నుంచి 400కి పోయినా మీరు రాసిన అంకెలు పాతవే ఉండిపోవచ్చు, ప్రోగ్రామ్ ఆగదు, వార్నింగ్ వచ్చినా చాలామంది పట్టించుకోరు, మ్యాపు మాత్రం అబద్ధం చెబుతుంది. వర్షం మ్యాపులో అది చిన్న తప్పు కాదు.

జెట్ రంగులు (నీలం నుంచి ఎరుపు దాకా ఇంద్రధనుస్సులా వచ్చే వరుస) వాడుతుంటే మానేయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు అవి ఇబ్బంది, మాట్‌ప్లాట్‌లిబ్ కూడా తనంతట తాను వేసే రంగుల్ని 2017లో విరిడిస్ అనే వరుసకి మార్చేసింది.

సగం టైమ్ పోతోందన్నారు, అది మాత్రం తగ్గాలి. ఇదంతా ఒక ఫంక్షన్‌గా రాసి పెట్టుకుంటే ప్రతి మ్యాపుకీ మళ్లీ కూర్చోనక్కర్లేదు.

ఇంట్లోవాళ్లకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) గురించి చెప్పండి, అక్కడ సముద్రం, ఉపగ్రహాల డేటాను మ్యాపులుగా మార్చడం రోజువారీ పని. మెషీన్ లెర్నింగ్ కూడా తప్పకుండా నేర్చుకోండి, కానీ ప్రాజెక్టు ఇచ్చేశాక. మోడల్ చెప్పిన వర్షానికీ నిజంగా పడినదానికీ తేడా చూపించాలంటే అప్పుడూ ఇదే కలర్‌బార్ కావాలి, కాకపోతే సున్నా మధ్యలో ఉండేలా. ఈలోగా మీ మ్యాపుల్లో బాగా వచ్చినవి రెండు మూడు కోడ్‌తో సహా గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకు రెజ్యూమెలో మీ పేరు కిందే ఇవ్వండి.