పక్కవాడి కోడ్ మీద ప్యానెల్ బిగించకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ పూర్తిగా చదివాను. బెజవాడలో సోలార్ పని మొదలుపెడదామంటే ఒక్క ప్యానెల్ కూడా బిగించకముందే డబ్బంతా కాగితాలకే పోయేలా ఉందని రాశావు. ఇంటి మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం సూర్యఘర్‌లో వెండర్ రిజిస్ట్రేషన్‌కు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర 2.5 లక్షల బ్యాంకు గ్యారంటీ, ఎలక్ట్రికల్ లైసెన్సు, జీఎస్టీ, ఎవరిని అడిగినా తలో మాట చెబుతున్నారని బాధపడ్డావు. చివర్లో ఒక సంగతి అడిగావు. ఒక ఏజెన్సీ వాళ్లు కిలోవాట్‌కు 2,000 ఇస్తే తమ వెండర్ కోడ్, అంటే తమ రిజిస్ట్రేషన్, వాడుకోనిస్తామంటున్నారని, కాగితాల గొడవంతా వాళ్లే చూసుకుంటారని, ఒప్పుకోమంటావా మామయ్యా అని. ఒప్పుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను, తీరిగ్గా చదువు.

ముందు లెక్క చూద్దాం. 3 కిలోవాట్ల ఇంటికి నువ్వు వాళ్లకు 6,000 ఇవ్వాలి. నెలకు రెండిళ్లు చేసినా ఐదేళ్లలో 120 ఇళ్లు, అంటే 7,20,000. ఇప్పుడు నీ సొంత గ్యారంటీ సంగతి. ఆ 2.5 లక్షలు నువ్వు కట్టేసి వదులుకునే డబ్బు కాదు. కొత్త ఖాతాదారుడివి కాబట్టి బ్యాంకు ఆ మొత్తాన్ని ఎఫ్‌డీగా పెట్టమనవచ్చు. ఆ ఎఫ్‌డీ నీ పేరు మీదే ఉంటుంది, వడ్డీ నీకే వస్తుంది. నీకు నిజంగా ఖర్చయ్యేది గ్యారంటీ కమిషన్. అది ఏడాదికి నూటికి రెండు రూపాయలనుకో, 5,000. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఐదేళ్లకు 29,500. సరే, ఆ 2.5 లక్షలు నీ దగ్గర లేవు, రూపాయి వడ్డీకి తెచ్చావనుకుందాం. ఏడాదికి 30,000 వడ్డీ. ఎఫ్‌డీకి ఆరు శాతం వచ్చినా 15,000 తిరిగొస్తుంది. మిగిలిన 15,000 నీ చేతి నుంచి పోతుంది, ఐదేళ్లకు 75,000. అన్నీ కలిపి 1,04,500. అదే 120 ఇళ్ల మీద పంచితే ఇంటికి తొమ్మిది వందలు కూడా పడదు. ఇటు తొమ్మిది వందలు, అటు ఆరు వేలు. నీ బ్యాంకు ఎంత కమిషన్ అంటుందో, ఎంత మార్జిన్ (ఎఫ్‌డీగా పెట్టాల్సిన మొత్తం) అడుగుతుందో కనుక్కుని ఈ లెక్కలో నువ్వే వేసి చూడు. అంకెలు కాస్త అటూ ఇటూ మారినా ఫలితం తారుమారు కాదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. సూర్యఘర్ పోర్టల్‌లో కస్టమరు ఎంచుకునేది వెండర్‌ను. ఒప్పందం కస్టమరుకూ వెండర్‌కూ మధ్యే. కస్టమరు బ్యాంకు లోను తీసుకుంటే ఆ డబ్బు వెండర్ ఖాతాలోకే వెళుతుంది. సబ్సిడీ ఎలాగూ కస్టమరు ఖాతాకే పోతుంది. మరి ఇందులో నువ్వెక్కడున్నావు? ఎండలో డాబా ఎక్కింది నువ్వు, ప్యానెళ్లకు, స్ట్రక్చర్‌కు అడ్వాన్సు కట్టింది నువ్వు, డబ్బు పడింది వాళ్ల ఖాతాలో. వాళ్లు నాలుగు నెలలు తిప్పుకుంటే ఏ కాగితం చూపించి అడుగుతావు? పైగా ఈ పథకంలో ఐదేళ్ల మెయింటెనెన్స్ వెండర్ బాధ్యత. కాగితం మీద బాధ్యత వాళ్లది, ఇన్వర్టర్ ఎర్ర లైటు చూపించిన రోజు ఫోను మోగేది నీకు. నువ్వు ఐదేళ్లు కష్టపడి చేసిన ఇళ్లన్నీ పోర్టల్‌లో వాళ్ల పేరు కిందే కనబడతాయి. అప్పుడు సొంతంగా రిజిస్టరైనా నీ అనుభవం చూపించడానికి ఒక్క ఇల్లూ ఉండదు.

నా లైసెన్సు మీద చేసుకుంటానని కూడా అన్నావు. దానికీ ఇదే జవాబు, ఏమీ అనుకోకు. నీకు లైసెన్సు వచ్చేదాకా మన దగ్గర జీతానికి పని చెయ్యి. కొటేషన్ నా పేరు మీద, బిల్లు నా పేరు మీద, తప్పొస్తే తిట్లు కూడా నాకే. అది పద్ధతైన పని. నా పేరు పెట్టుకుని నువ్వు విడిగా వ్యాపారం చేయడం వేరు.

ఇక ఏది ముందు, ఏది వెనక. నువ్వు డిప్లొమా ఈఈఈ చదివావు కాబట్టి ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ పర్మిట్‌కు వెంటనే దరఖాస్తు పెట్టు. కాంట్రాక్టర్ లైసెన్సుకు అదే ఆధారం. నీతో పనిచేసే కుర్రాడికి వైర్‌మన్ పర్మిట్ ఉందో లేదో చూడు. లేకపోతే వాడి చేత కూడా పెట్టించు. ఇవి ఆలస్యమయ్యే కాగితాలు, అందుకే ముందు ఇవే మొదలుపెట్టు. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా ఆధార్, పాన్ నంబర్లతో అయిపోతుంది. దానికి రెండు వేలు, మూడు వేలు అడిగే వెబ్‌సైట్లు అచ్చం ప్రభుత్వానివిలాగే కనబడతాయి, జాగ్రత్త. చేతిలో తిరిగే డబ్బు కోసం ముద్ర లోను అడుగు. 2024 అక్టోబరులో ఆ పరిమితి 20 లక్షలకు పెంచారు గానీ, పాత లోను తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్లకే అంత మొత్తం. నీలాంటి కొత్తవాడికి 10 లక్షల లోపు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే బ్యాంకులో మాట తేలికవుతుంది. సోలార్ ట్రైనింగ్ సర్టిఫికెట్ అంటూ పాతిక వేలు అడిగినవాళ్ల సంగతి రాశావు. కేంద్రం 2015 నుంచి సూర్యమిత్ర పేరుతో ఇదే శిక్షణ ఉచితంగా ఇప్పిస్తోంది. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ (నైస్) దాన్ని నడిపిస్తుంది. తర్వాతి బ్యాచ్ ఎక్కడో కనుక్కో, ఆ పాతిక వేలు మిగుల్చుకో.

జీఎస్టీ బిల్లులో చాలామంది కుర్రాళ్లు దెబ్బతింటున్నారు కాబట్టి కాస్త విడమరిచి రాస్తున్నాను. సామాను, పని కలిపి చేసే సోలార్ కాంట్రాక్టులో 70 శాతం వస్తువులుగా, 30 శాతం సేవగా లెక్కిస్తారు. వస్తువుల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సేవ మీద 18 శాతం అలాగే ఉంది. 2 లక్షల పని అయితే 1,40,000 మీద 7,000, 60,000 మీద 10,800, మొత్తం 17,800. పాత రేటులో ఇదే 27,600 అయ్యేది. ఇంకా పాత కొటేషన్ ఫార్మాట్ వాడితే కస్టమరుకు దాదాపు పది వేలు ఎక్కువ చూపించి ఆర్డరు పోగొట్టుకుంటావు. అసలు పన్నే లేకుండా చేస్తాననే వాడితో పోటీ పడకు. వాడు ఇచ్చే బిల్లుతో కస్టమరుకు లోనూ రాదు, వారంటీ అడగడానికీ దిక్కుండదు.

ఇప్పుడు అసలైన తలనొప్పి, కస్టమరు సోలార్ దరఖాస్తు. ఆలస్యాల్లో చాలా భాగం ఆఫీసులో పుట్టదు, కరెంటు బిల్లు మీదే పుడుతుంది. మా గుంటూరు బ్రాడీపేటలో, లక్ష్మీపురంలో, నీ పక్కన గవర్నర్‌పేటలో పాత ఇళ్లు చూడు. సర్వీసు నంబరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటుంది. ఆయన పోయి ఇరవై ఏళ్లై ఉంటుంది. ఇల్లు ముగ్గురు కొడుకులు పంచుకుని ఉంటారు. పై డాబా ఎవరి వాటాలో ఉందో వాళ్లకే తేలి ఉండదు. అలాంటి ఇంటికి అడ్వాన్సు తీసుకున్నావంటే, పేరు మార్పిడి అయ్యేదాకా నీ డబ్బు, వాళ్ల డబ్బు ఇరుక్కుపోతాయి. పేరు ఒకటే అయినా బిల్లు మీద ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, బ్యాంకు పాస్‌బుక్‌లో పొడి అక్షరం మాత్రమే ఉన్నా సబ్సిడీ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి కొలతల టేపు తీయకముందే కరెంటు బిల్లు, ఆధార్, పాస్‌బుక్ మూడూ టేబులు మీద పక్కపక్కన పెట్టించు. అక్షరం అక్షరం చూడు. బిల్లులో శాంక్షన్డ్ లోడు (ఇంటికి మంజూరైన కిలోవాట్లు) ఎంతో అదే పూట రాసుకో. పెట్టబోయే సిస్టమ్ కంటే అది తక్కువైతే లోడు పెంచే ప్రస్తావన వస్తుందని ఇంటాయనకు ముందే చెప్పు. తర్వాత చెబితే నువ్వేదో దాచావనుకుంటాడు.

కరెంటు ఆఫీసు ఆలస్యానికి నీ చేతిలో ఒక ఆయుధం ఉంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. 10 కిలోవాట్ల దాకా ఇంటి మీద సోలార్‌కు టెక్నికల్ ఫీజిబిలిటీ స్టడీ (సాంకేతికంగా వీలవుతుందా అన్న పరిశీలన) అక్కర్లేదు. అంతకు మించితే 15 రోజుల్లో తేల్చాలి, లేకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. బిగించడం పూర్తయ్యాక కమిషనింగ్‌కు, అంటే లైనుకు కలిపి నడిపించడానికి కూడా, అంతకుముందున్న 30 రోజులను 15కు తగ్గించారు. ఆ నిబంధన కాపీ ఎప్పుడూ నీ ఫైల్లో ఉండాలి. సెక్షన్ ఆఫీసుకు వెళ్లినప్పుడు ఏఈ గారి ముందు దాన్ని విసురుగా పెట్టకు. ఆయన దగ్గర లైన్ల పని, బ్రేక్‌డౌన్లు, బిల్లుల వసూళ్లు అన్నీ ఉంటాయి. ఫలానా తేదీన పెట్టిన దరఖాస్తు, ఈ రోజుతో పదిహేను రోజులైందండీ అని మర్యాదగా రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకో. నోటి మాటతో తిరిగితే చెప్పులరగడం తప్ప ఏమీ ఉండదు. అప్పటికీ కదలకపోతే కస్టమరు చేత మన డిస్కం సీపీడీసీఎల్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయించు. నువ్వు కాదు, కస్టమరు రాయాలి. సర్వీసు ఆయనది. ఇక, పని తొందరగా అవుతుందని ఎవరైనా చేయి చాపితే ఒక్క రూపాయి పెట్టకు. ఒకసారి ఇస్తే ప్రతి మీటరుకూ అదే రేటు నీ పేరు మీద ఖాయమైపోతుంది.

ఇన్‌స్పెక్షన్‌లో తిప్పి పంపేది చిన్న చిన్న వాటికే. డీసీకి, ఏసీకి, లైట్నింగ్ అరెస్టర్‌కు విడివిడిగా ఎర్త్ పిట్‌లు ఉండాలి. ఖర్చు తగ్గుతుందని అన్నీ ఒకే గుంతలో కలిపితే మళ్లీ తవ్వాలి. ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి వాడు. వేర్వేరు కంపెనీలవైతే బయటికి ఇమిడినట్టే ఉన్నా లోపల సరిగ్గా పట్టవు, మే నెల ఎండకు వేడెక్కి కాలతాయి. సబ్సిడీ ఇంటికి డీసీఆర్ ప్యానెళ్లే (మన దేశంలో తయారైనవే) పెట్టాలి కాబట్టి, డీలర్ దగ్గర డబ్బు కట్టే ముందే సీరియల్ నంబర్లతో సహా డీసీఆర్ సర్టిఫికెట్ తీసుకో. స్ట్రక్చర్ మీదికి ఎక్కించాక వెనక స్టిక్కర్ కనబడదు. కిందే ఒక్కో ప్యానెల్ సీరియల్ ఫొటో తీసుకో.

ఇంకో సంగతి. ఇన్వర్టర్‌ను మెట్ల కింద, మీటరు పక్కన బిగించే అలవాటు బెజవాడలో మానుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఎలా మునిగాయో నీకు నేను చెప్పాలా? ఆ వైపు ఇళ్లకు మొదటి అంతస్తులోనే పెట్టు. కేబుల్‌కు అదనంగా అయ్యే ఖర్చు కొటేషన్‌లోనే రాసి, ఎందుకో కస్టమరుకు చెప్పు. వరద చూసినవాళ్లు ఆ ఖర్చుకు అడ్డు చెప్పరు.

నీ కోపం న్యాయమైనదే. ఇద్దరు మనుషులతో నెలకు రెండిళ్లు చేసే నీకూ, నెలకు వంద ఇళ్లు చేసేవాడికీ డిస్కం దగ్గర ఒకే మొత్తం గ్యారంటీ ఉండటం సరికాదు. చేసే కిలోవాట్లను బట్టి గ్యారంటీ పెరిగేలా ఉంటే నీలాంటి కుర్రాళ్లు ఇంకెంతోమంది సొంతంగా నిలబడతారు. కానీ గ్యారంటీ అసలే వద్దని మాత్రం నేను అనను. పాతికేళ్లు పనిచేస్తుందని చెప్పి లక్షన్నర, రెండు లక్షలు తీసుకుని, ఏడాది తిరక్కముందే ఫోన్లు ఎత్తడం మానేసినవాళ్లు మన రెండు ఊళ్లలోనూ ఉన్నారు. రిటైరైన టీచరమ్మ పెన్షన్ డబ్బు పెట్టి బిగించుకున్న సిస్టమ్ ఆగిపోతే ఆమె ఎవరిని పట్టుకోవాలి? ఆ భరోసా ఉండాలి. భారం మాత్రం చిన్నవాడి నెత్తిన ఇంత పడకూడదు. బెజవాడ, గుంటూరులో నీలాంటి చిన్న ఇన్‌స్టాలర్లు పదిమంది కలిసి సంతకాలు పెట్టి తాడేపల్లిలోని నెడ్‌క్యాప్‌కు (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థకు), డిస్కంకు రాస్తే చదువుతారు. డ్రాఫ్ట్ నేను రాసిస్తాను, సంతకాలు నువ్వు పోగుచెయ్యి.

వచ్చే ఆదివారం గుంటూరు రా. నీ డిప్లొమా సర్టిఫికెట్లు, పాన్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకో. సోమవారం బ్యాంకు మేనేజరు గారి దగ్గరికి ఇద్దరం వెళ్లి మార్జిన్ ఎంతో తేల్చుకుందాం. ఎఫ్‌డీకి తగ్గితే లక్ష నేను సర్దుతాను, వడ్డీ లేకుండా. అత్తయ్యకు ముందే చెప్పేశాను. ఆ ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన ఒప్పందం కాగితం కూడా పట్టుకురా, సంతకం పెట్టకుండా.

మీ మామయ్య
గుంటూరు