నవ్వుకు మార్కులేసే యాప్

ప్రశ్న: ప్లేస్‌మెంట్స్‌కు ప్రాక్టీస్ అవుతుందని ఒక ఉచిత ఇంటర్వ్యూ యాప్ వేసుకున్నాను. నా నవ్వు ‘కృత్రిమం’ అంటూ వందకు 31 మార్కులిచ్చింది. నేను నిజంగానే నవ్వాను సార్. టెన్షన్‌గా ఉంది. ఏ సెట్టింగ్ మార్చాలి?
- బీటెక్ విద్యార్థిని, గుంటూరు

ఈ నెలలో ఇలాంటి ఉత్తరం ఇది నాలుగోదమ్మా. ముందు కెమెరాలో బ్యూటీ మోడ్ ఆపండి. ముఖ కండరాలకు కరెంటు తాకించి పరీక్షించిన ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లో చెప్పిన మాటే ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు పునాది. పెదవుల కొసలను కావాలని లాగొచ్చు, కానీ సంతోషం కలిగితే కంటి చుట్టూ ఉన్న కండరం కూడా బిగుస్తుంది, కళ్ల చివర ముడతలు పడతాయి. బ్యూటీ మోడ్ మొదట తుడిచేసేది ఆ ముడతలనే! ఒక సాఫ్ట్‌వేర్ చెరిపేసినదాన్ని ఇంకొకటి వెతుక్కుంటూ, దొరకలేదని మీకు మార్కులు కోస్తోంది.

పైగా కళ్ల దగ్గర ముడతలు కావాలని తెప్పించగలిగేవాళ్లూ చాలామందే ఉన్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 2012లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీవాళ్లు చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. పెద్ద ఫారం నింపించి, సబ్మిట్ నొక్కగానే అంతా చెరిగిపోయేలా చేశారు. విసుగు నటించమంటే నూటికి తొంభైమంది నవ్వలేదు. నిజంగా విసుగెత్తినప్పుడు తొంభైమంది నవ్వారు! (ఆన్‌లైన్ దరఖాస్తులు నింపేవాళ్లకు ఆ నవ్వు బాగా తెలుసు.) ఆనందంతో వచ్చే నవ్వు మెల్లగా విరుస్తుంది, విసుగు నవ్వు చటుక్కున వచ్చి పోతుంది. వాళ్ల కంప్యూటర్ పట్టుకున్నది ఆ తేడాను. మీ యాప్ ఒక్క ఫొటో చూసి తేల్చేసిందంటే దాన్ని నమ్మక్కర్లేదు.

మార్కుల సంగతి వదిలేయండి. నా భయం వేరు. ఆ యాప్ మిమ్మల్ని నవ్వమంది, తల తిప్పమంది, కళ్లార్పమంది కదా? బ్యాంకులు వీడియో కాల్‌లో మన గుర్తింపు సరిచూసే వీడియో కేవైసీలో, కెమెరా ముందున్నది బతికున్న మనిషేనా అని చూడటానికి చేయించేవీ ఇలాంటివే. ఊరూ పేరూ తెలియని సర్వర్‌కు మీరే వాటిని మంచి వెలుతురులో రికార్డు చేసి పంపారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ముఖం పోతే? కెమెరాతో పాటు కాంటాక్టులు, గ్యాలరీ కూడా అడిగితే చదవకుండా ‘అలో’ నొక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నవ్వుకు కాంటాక్టులతో ఏం పని?

యూరోపియన్ యూనియన్‌లో 2025 ఫిబ్రవరి 2 నుంచి ఆఫీసుల్లో, విద్యాసంస్థల్లో ముఖం చూసి భావాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను నిషేధించారు. వైద్యం, భద్రత అవసరాలకే మినహాయింపు. ఇక్కడేమో దాన్నే ఉద్యోగం ఇప్పించే సాధనమంటూ పిల్లలకు అంటగడుతున్నారు.

ముందు యాప్‌లోకి వెళ్లి అకౌంట్ డిలీట్ చేయండి, అన్‌ఇన్‌స్టాల్ ఆ తర్వాతే. చాలామంది అన్‌ఇన్‌స్టాల్ చేసేసి పని అయిపోయిందనుకుంటారు. ఫోన్‌లో యాప్ పోతుంది, వీడియోలు మాత్రం వాళ్ల సర్వర్‌లోనే ఉంటాయి.