దవడ కీలు దగ్గర నెలగా నొప్పి, ఓపీజీ (దవడలు మొత్తం కనబడే ఎక్స్‌రే) నార్మల్: క్యాన్సర్ అనుమానించాలా?

నమిలేటప్పుడు చెవి ముందు టక్కుమంటోందని రాశారు, మీ భయమంతా దాని మీదే ఉన్నట్టుంది. ఆ చప్పుడు చాలామందికి ఉంటుంది. కీలు మధ్యనుండే మెత్తలాంటి డిస్క్ పక్కకు జరిగితే వస్తుంది, అదొక్కటే ఉంటే క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. కీలులోనే పుట్టే క్యాన్సర్లు చాలా అరుదు. వేరేచోటి క్యాన్సర్ అక్కడికి పాకడమో, చెవి ముందున్న లాలాజల గ్రంథిలోనో ముక్కు వెనకనో పెరిగిన గడ్డ దవడ నొప్పిలా అనిపించడమో కూడా జరుగుతుంది.

మా అమ్మకు అలాగే పాకింది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిపోయి ఏళ్లు గడిచాక దవడ నొప్పి మొదలైంది. నిద్రలో పళ్లు కొరుకుతున్నారని రాత్రిళ్లు పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ ఇచ్చారు, ఫిజియోథెరపీ చేయించారు. తగ్గకపోగా నోరు తెరుచుకోవడం తగ్గుతూ వచ్చింది, ఇడ్లీ కూడా చిదిపి పెట్టాల్సి వచ్చేది. తర్వాత కాఫీ కింది పెదవి మీంచి కారుతున్నా ఆవిడకి తెలిసేది కాదు. కింది దవడ ఎముక లోంచి వెళ్లే నరం దెబ్బతింటే పెదవి, గడ్డం ఇలా మొద్దుబారతాయి. మామూలు కీలు నొప్పిలో ఇది ఉండదు.

"ఇంతకుముందు పెద్ద జబ్బేమైనా చేసిందా అమ్మా?" అని అడిగింది ఒక ఓరల్ సర్జన్ మాత్రమే. అప్పటిదాకా అడిగినవాళ్లు లేరు! సీటీలో కీలు ఎముక తినేసినట్టు కనబడింది, ఆ తినేయడం అక్కణ్ణుంచి దవడ ఎముకలో కిందికి దిగింది కూడా. కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించి ఎంఆర్ఐ తీశారు. అయినా చిన్న ముక్క తీసి పరీక్షించిన బయాప్సీ రిపోర్టు వచ్చాకే క్యాన్సరని ఖాయం చేశారు. రొమ్ముదేనా, కొత్తదా అని పోల్చడానికి పాత ఆపరేషన్‌లో తీసిన ముక్కల స్లైడులు, మైనపు బ్లాకులు తెమ్మన్నారు. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ చికిత్స జరిగుంటే ఆ కాగితాలు, స్లైడులు, బ్లాకులు పారేయకండి.

ఓపీజీ విషయానికొస్తే, ఎముక బాగా కరిగితేగానీ ఎక్స్‌రేలో తేడా తెలియదు, మెత్తటి కండలో ఉన్నది అసలు పడదు. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా చూసుకోండి. పట్టకపోతే డాక్టరుకి చెప్పండి, గుట్కా అలవాటుంటే అది కూడా చెప్పండి, దానివల్లా నోరు బిగుసుకుంటుంది. చెవి ముందు వాపు, ఒక చెవి మూసుకుపోయినట్టుండటం, మెడలో గడ్డ, పళ్లు కలిసే తీరు మారడం, పెదవి తిమ్మిరి, వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకుండా ఓరల్ సర్జన్‌కో ఈఎన్‌టీకో చూపించి స్కాన్ అడగండి. ఏవీ లేకపోతే మీ డాక్టరు ఇప్పుడిచ్చిన చికిత్సే కొన్ని వారాలు వాడండి. అప్పటికీ తగ్గకపోతే ఇంకో ఓపీజీ కాదు, ఎంఆర్ఐ తీయించమనండి.