హంబన్‌టొటను చైనా లాక్కుందా?

ప్రశ్న: అప్పు తీర్చలేదని శ్రీలంకలోని హంబన్‌టొట రేవును చైనా జప్తు చేసుకుందని ఫోన్‌లో మెసేజ్‌లు వస్తున్నాయి. కాలేజీ డిబేట్‌లో నేనూ అదే చెప్పాను. ఎదుటి టీమ్ అమ్మాయి అది అబద్ధమంది. ఎవరిది కరెక్టండీ?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఆ అమ్మాయి మాటే నిజానికి దగ్గరగా ఉందమ్మా. నీ భయం కూడా ఊరికే పుట్టింది కాదు.

నేను 31 ఏళ్లు బ్యాంకులో అప్పుల సెక్షన్‌లో పనిచేశాను. జప్తు అంటే మాకు ఒకటే అర్థం. బాకీదారు కిస్తీలు ఆపేస్తాడు, నోటీసులు వెళ్తాయి, తాకట్టు పెట్టిన ఆస్తి చేతులు మారుతుంది, ఆ మేరకు బాకీ తగ్గుతుంది. హంబన్‌టొటలో అలా జరగలేదు.

రేవు మొదటి దశకు చైనా ప్రభుత్వ బ్యాంకు అయిన ఎగ్జిమ్ బ్యాంకు 30.7 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చింది, వడ్డీ 6.3 శాతం. 2010లో రేవు తెరిచారు. అది అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్ష సొంత జిల్లా. కొలంబోలో అంత పెద్ద రేవు నడుస్తుండగా ఓడలు ఇక్కడికి ఎందుకొస్తాయని గట్టిగా అడిగినవాళ్ల మాట చెల్లలేదు. ఓడలు రాలేదు, నష్టాలు వచ్చాయి. 2017లో తరువాతి ప్రభుత్వం సుమారు 70 శాతం వాటాను చైనా మర్చంట్స్ పోర్ట్ అనే కంపెనీకి 99 ఏళ్లకు అప్పగించి 112 కోట్ల డాలర్లు తీసుకుంది. ఆ డబ్బు రేవు బాకీకి జమ కాలేదు. వేరే అప్పుల కిస్తీలు మీద పడుతున్నాయి కాబట్టి విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది. రేవు కోసం తెచ్చిన అప్పు అలాగే మిగిలింది, కట్టాల్సింది లంకే. నాకు బాధ కలిగించేది ఇదే. జప్తయితే కనీసం బాకీ అయినా పోయేది.

2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసినప్పుడు కూడా తప్పంతా చైనా మీదికి నెట్టారు. అప్పుల్లో అన్నిటికంటే పెద్ద ముక్క అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లది, అంటే అప్పు పత్రాలది. వాటిని ఎక్కువగా పాశ్చాత్య దేశాల పెట్టుబడి సంస్థలు కొన్నాయి. చైనా వాటా ఐదో వంతుకు అటూ ఇటూ.

మరి చైనాకు పలుకుబడి రాలేదా? వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో యువాన్ వాంగ్ 5 అనే నౌక హంబన్‌టొటకు బయలుదేరింది. ఉపగ్రహాలను, క్షిపణులను కనిపెట్టే నౌక అది. భారత్ అభ్యంతరం చెప్పింది. లంక ప్రభుత్వం మొదట వాయిదా వేయమని చైనాను కోరింది, కొద్ది రోజులకే రానిచ్చింది. అప్పుడు లంకకు రెండు దేశాల సాయమూ కావాలి. బాకీ ఉన్నవాడి నోట ‘వద్దు’ అన్న మాట ఎంత కష్టంగా వస్తుందో నేను నా టేబుల్‌కి ఎదురుగా కూర్చున్న మనుషుల్లో రోజూ చూశాను. తరువాతి డిబేట్‌లో జప్తు గురించి కాకుండా ఈ నౌక గురించి మాట్లాడమ్మా.

ప్రశ్న: పేద దేశానికి చౌకగా తిండిగింజలు పంపితే అది సాయమే కదా? అందులోనూ పెత్తనం వెతకడం న్యాయమా?
– ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: ఆకలితో ఉన్నవాడికి గింజలు పంపడాన్ని నేనెప్పుడూ తప్పుపట్టను మాస్టారూ. కానీ హైతీ కథ చదివాక నా ఆలోచన మారింది.

కరీబియన్ సముద్రంలో, ఫ్రాన్స్ పాలన మీద బానిసలు తిరగబడి 1804లో సాధించుకున్న దేశం అది. 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, మిమ్మల్ని దేశంగా గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు. తోటలూ బానిసలూ పోయాయని పాత యజమానులకు పరిహారమట! మొదటి కిస్తీ కట్టడానికి మళ్లీ ఫ్రెంచి బ్యాంకర్ల దగ్గరే అప్పు తేవాల్సి వచ్చింది. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. 1914 డిసెంబరులో అమెరికా మెరైన్లు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని న్యూయార్క్‌కి తరలించారు. మరుసటి ఏడాది సైన్యమే దిగింది, 1934 దాకా వెళ్లలేదు.

ఇక గింజల సంగతి. 1990ల మధ్యలో, అమెరికా ఒత్తిడి, అప్పులిచ్చే సంస్థల షరతుల వల్ల, హైతీ బియ్యం దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించింది. సబ్సిడీతో పండిన అమెరికా బియ్యం వచ్చి పడింది. ఆ ధరతో హైతీ రైతు పోటీ పడలేకపోయాడు. సుంకం తగ్గించినప్పుడు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ 2010లో అక్కడి సెనేట్ కమిటీ ముందు అది పొరపాటని ఒప్పుకున్నారు. ఆ విధానం తన సొంత రాష్ట్రం ఆర్కన్సాలో కొందరు రైతులకు మేలు చేసిందేమో గానీ పనిచేయలేదని చెప్పారు. ఒప్పుకున్నందుకు ఆయన్ను గౌరవిస్తాను. పొలం వదిలేసిన రైతు మాత్రం తిరిగి రాలేదు.

ప్రశ్న: పాత పెద్ద దేశాన్ని వెళ్లగొట్టి కొత్తదాన్ని పిలుచుకుంటే బాగుపడతారా?
– ఒక ఆటో డ్రైవర్

జవాబు: పశ్చిమ ఆఫ్రికాలో ఒకప్పుడు ఫ్రాన్స్ ఏలిన మాలీని చూడండి తమ్ముడూ. ఫ్రాన్స్ సైన్యం 2022 ఆగస్టులో వెళ్లిపోయింది. జనం సంతోషించారు, దానికి కారణాలున్నాయి. కానీ అప్పటికే రష్యాకు చెందిన వాగ్నర్ కిరాయి సైనికులు వచ్చి ఉన్నారు. ఆ ఏడాది మార్చిలో మౌరా గ్రామంలో మాలీ సైనికులు, వాళ్లతో ఉన్న విదేశీ సైనికులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో నివేదిక ఇచ్చింది.

ప్రశ్న: ఇవన్నీ వింటే టెన్షన్‌గా ఉంది. చిన్న దేశం చేయగలిగింది ఏమైనా ఉందా సార్?
– పోటీ పరీక్షలకు చదువుతున్న యువకుడు

జవాబు: ఉంది బాబూ. ముందు ఒప్పందం కాగితం బయటికి రావాలి.

కెన్యాలో మొంబాసా–నైరోబీ రైలు 2017లో మొదలైంది. ఎక్కువ డబ్బు చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పే. ఆ అప్పు పత్రాలు చూపించమని పౌరులు కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి చూపలేదు. 2022లో కొత్త ప్రభుత్వం కొన్నిటిని బయటపెట్టింది. అందులో ఏముందంటే, ఒప్పందానికి చైనా చట్టం వర్తిస్తుంది, తగువు వస్తే తీర్పు బీజింగ్‌లో, షరతులు గోప్యంగా ఉంచాలి. వడ్డీ శాతం ఎవరైనా చూస్తారు. నేనైతే ముందు తగువుల క్లాజు చూస్తాను.

రెండోది, సంతకం అయిపోయినా మళ్లీ కూర్చోవచ్చు. మలేషియాలో 2018లో మహతీర్ మళ్లీ గెలిచి ప్రధాని కాగానే, చైనా అప్పుతో కడుతున్న తూర్పు తీర రైలు పనిని ఆపేశారు. నెలల తరబడి బేరం నడిచింది. 2019 ఏప్రిల్‌లో 6,550 కోట్ల రింగిట్‌ల అంచనా 4,400 కోట్లకు దిగింది. మార్గం కొంత మారింది, చైనా కంపెనీ మాత్రం అదే.